పుట్టుమచ్చ లేని వజ్రం

"వదినా, ఇది దొంగతనం కేసు. దొంగ దొరికింది. ఇక నువ్వు ఇంటికెళ్ళి అన్నయ్యతో కలిసి హాయిగా టీ తాగు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ల్యాబ్ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"టీ తాగే వచ్చాను. నువ్వు కాస్త జరిగితే లోపలికొస్తాను," అందామె.

అతను జరిగాడు. జరగకపోతే ఏమవుతుందో అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆమె ఆ ఇంటికి పెద్దకోడలిగా వచ్చేనాటికి అతను ఇంకా స్కూల్లోనే ఉన్నాడు. సైకిలు తొక్కడం నేర్పింది ఆమే, లెక్కలు చెప్పింది ఆమే, పోలీసు పరీక్షకి పొద్దున్నే లేపి కూర్చోబెట్టిందీ ఆమే. అతను వదినా అంటుంటే విని స్టేషన్లో కానిస్టేబుళ్ళు వదినగారూ అనడం మొదలుపెట్టారు. వాళ్ళని చూసి లాయర్లు, లాయర్లని చూసి అడపాదడపా దొంగలు కూడా అదే పిలుపు అందుకున్నారు. ఆమె ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకునేసరికి ఊళ్ళో ఆ పేరు తప్ప ఇంకో పేరు ఎవరికీ గుర్తులేదు.

ఆ రోజు పొద్దున వదిన మంచి హుషారుగా ఉంది. మోకాలి నొప్పి లేదు. కొత్త కళ్ళజోడు చక్కగా కుదిరింది. పైగా చూడని చోటు చూడబోతోంది. విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం వాళ్ళ ల్యాబ్ అంటే గాజు సీసాలూ, పొగలూ ఉంటాయనుకుంది. అవేమీ లేవు. గదంతా నల్లటి తెరలు. మధ్యలో మంచమంత వెడల్పున్న బల్ల. దాని మీద చిన్న చిన్న అద్దాలు, చెస్ బోర్డు మీద పావుల్లా బారులు తీరి ఉన్నాయి. గోడవారగా ఇంకో చిన్న బల్ల, దాని మీద రెండు కంప్యూటర్లు. మూల స్టూలు మీద ఒక పాతికేళ్ళ అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఈ అమ్మాయేనా మీ దొంగ?"

"ఆ అమ్మాయే. ఇక్కడ పరిశోధన చేస్తోంది. పని చేస్తున్నంతసేపూ ఏదో ఒక పాట కూనిరాగం తీస్తూ ఉంటుందట, అందుకని అందరూ తుమ్మెద అంటారు. నేనొచ్చినప్పటి నుంచీ మాత్రం నోరు విప్పలేదు."

"వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసింది. నోరు విప్పించమనే," అంది వదిన, ఇంకో స్టూలు లాక్కుని అమ్మాయి ఎదురుగా కూర్చుంటూ. "ఏమ్మా, పొద్దున్న ఏమైనా తిన్నావా?"

తుమ్మెద తల అడ్డంగా ఊపింది.

వదిన ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. ఆ చూపు అర్థమై అతను గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్‌ని క్యాంటీన్‌కి తరిమాడు. రెండు బిస్కట్ పొట్లాలూ, టీ వచ్చేదాకా వదిన కేసు గురించి ఒక్క మాట కూడా అడగలేదు. వాళ్ళ ఊరెంత దూరం, అమ్మ ఏం చేస్తుంది, తమ్ముడు ఏం చదువుతున్నాడు, ఇవే అడిగింది. టీ సగం అయ్యాక అప్పుడు మొదలుపెట్టింది.

"పోయిందేమిటమ్మా? నాకు అర్థమయ్యేలా చెప్పు. నేను డిగ్రీలో సైన్సు వదిలేసి బయటపడ్డదాన్ని."

"వజ్రం అండీ."

"ఉంగరంలో పెట్టుకునేదా?"

"కాదండీ. మిషన్లో పెంచినది. గోరు మీద నిలబెట్టేంత చిన్న పలక. అమ్మకానికి పెడితే ఎవరూ కొనరు. కానీ అందులో కొన్ని మచ్చలుంటాయి." తుమ్మెద గొంతు కొద్దికొద్దిగా నిలదొక్కుకుంది. "వజ్రమంతా కార్బన్ పరమాణువులే కదా. ఒకచోట కార్బన్‌కి బదులు నైట్రోజన్ పరమాణువు చేరి, దాని పక్క చోటు ఖాళీగా ఉండిపోతే దాన్నే మేం మచ్చ అంటాం. దాని మీద పచ్చ లేజర్ వేస్తే ఎర్రగా వెలుగుతుంది. అలాంటి ఒక్క మచ్చలో మనం ఒక సమాచారం దాచుకోవచ్చు, మళ్ళీ చదువుకోవచ్చు. మామూలుగా ఇట్టే చెరిగిపోతుంది. మా వజ్రంలో మాత్రం నిలబడుతుంది. ఎవ్వరి ల్యాబ్‌లోనూ అంతసేపు నిలబడలేదు."

"ఎన్నాళ్ళుగా చేస్తున్నావు ఈ పని?"

"నాలుగేళ్ళు. వచ్చే వారం నా థీసిస్ పరీక్షండీ. వజ్రం లేకపోతే చూపించడానికి ఏమీ లేదు."

ఇన్‌స్పెక్టర్ అందుకున్నాడు. "వదినగారూ, ఇప్పుడు నేను చెప్పేది వినండి." బయటివాళ్ళ ముందు అతను ఆమెని మీరు అనేవాడు, కోపమో హుషారో వచ్చేవరకు. "నిన్న సాయంత్రం ఆరింటికి ఈ అమ్మాయి టీకని బయటికెళ్ళింది. ఆరున్నరకి తిరిగొచ్చి వజ్రం పోయిందని గోల పెట్టింది. ఈ తలుపు కార్డు పెడితేనే తెరుచుకుంటుంది. ఆ అరగంటలో ఇంకెవరి కార్డూ పడలేదు. ల్యాబ్ పెద్ద, వీళ్ళ మేడం, సదస్సుకని ఊరెళ్ళి రెండు రోజులైంది. ఫోన్ ఎత్తడం లేదు. అంటే గదిలోకి వచ్చింది, పోయింది ఈ అమ్మాయి ఒక్కతే. తనే తీసి, తనే అరిచింది."

"తన థీసిస్‌ని తనే దొంగిలించుకుందా?"

"పోటీ ల్యాబ్ వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. పరీక్ష పాసైతే వెళ్ళచ్చు, వజ్రంతో సహా అయితే పల్లకీలో వెళ్ళచ్చు."

"ఉద్యోగం మాట నిజమేనా అమ్మా?"

"నిజమేనండీ. వద్దని చెప్పేశాను కూడా."

"ఎందుకు వద్దన్నావు?"

తుమ్మెద మొదటిసారి చిన్నగా నవ్వింది. "ఇక్కడ నాకు బావుందండీ."

ఆ మాట విని వదినకి ఆ పిల్ల నచ్చింది. నచ్చినంత మాత్రాన నమ్మేయాలని లేదు కాబట్టి లేచి గది చూడ్డం మొదలుపెట్టింది.

పెద్దబల్ల మీద వజ్రం ఉండాల్సిన స్టాండు ఖాళీగా ఉంది. దాన్ని పట్టి ఉంచే రెండు చిన్న స్ప్రింగులూ వంగలేదు, గీరుకోలేదు. మరలు రెండూ ఊడదీసి పక్కనే ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి ఉన్నాయి. లేజర్ మీద మూత పెట్టి ఉంది.

"మూత నువ్వు పెట్టావా?"

"లేదండీ. నేనొచ్చేసరికే పెట్టి ఉంది."

"విన్నావా? మన దొంగగారు వెళ్తూ వెళ్తూ లేజర్‌కి మూత పెట్టి, మరలు దొర్లిపోకుండా నిలబెట్టి మరీ వెళ్ళారు. ఇంత మర్యాదస్థుణ్ణి నేను ఇంతవరకు చూళ్ళేదు."

"పని తెలిసినవాళ్ళు. అదే నేను చెప్పేది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

వదిన జవాబు చెప్పకుండా గోడవార చిన్నబల్ల దగ్గరికి నడిచింది. దాని మీద రెండు కంప్యూటర్లలో ఒకటి ఆపేసి ఉంది. రెండోదాని స్క్రీన్ నల్లగానే ఉంది గానీ లోపల ఫ్యాను తిరుగుతోంది. చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది.

"ఇది పని చేస్తూనే ఉంది. స్క్రీన్ ఎవరు ఆపారు?"

తుమ్మెద టీ గ్లాసు కింద పెట్టింది.

వదిన మీట నొక్కింది. స్క్రీన్ మీద నల్లటి బ్యాక్‌గ్రౌండ్‌లో సన్నటి తెల్లగీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకుతోంది. ఆమె ఇంకా దగ్గరికి వంగితే గీత కొద్దిగా పైకి లేచింది. వెనక్కి జరిగితే కిందికి దిగింది. వదినకి సరదా వేసింది. మళ్ళీ వంగింది, మళ్ళీ జరిగింది.

"అది నన్ను చూస్తోందా ఏమిటమ్మా?"

"మీ చేతి గాజుల్లో ఎక్కడో ఇనుము ఉన్నట్టుందండీ," అంది తుమ్మెద తల ఎత్తకుండా. "ఆ గీత పంపేది ఈ కంప్యూటర్ పక్కనున్న ఇంకో వజ్రం. దానిలోనూ మచ్చలుంటాయి. దగ్గర్లో అయస్కాంతం గానీ ఇనుము గానీ కదిలితే పసిగడుతుంది. గదిలో ఏదైనా కదిలి మా కొలతలు చెడగొడుతోందేమో చూసుకోడానికి పెట్టుకున్నాం."

"నిన్న సాయంత్రం కూడా పని చేసిందా?"

తుమ్మెద తల మాత్రం ఊపింది. 

"వెనక్కి తిప్పి చూపించు తల్లీ."

తుమ్మెద లేచి వచ్చింది. వేళ్ళు కీబోర్డు మీద ఒక క్షణం ఆగి, అప్పుడు కదిలాయి. నిన్నటి గీత వచ్చింది. ఆరింటి దాకా చదునుగా ఉంది. ఆ తర్వాత ఒక పెద్ద గుట్ట. కాస్త చదును. మళ్ళీ ఇంకో గుట్ట.

ఇన్‌స్పెక్టర్ భుజాల మీంచి తొంగిచూసి చిటికేశాడు. "ఇనుప వస్తువేదో లోపలికొచ్చి బయటికెళ్ళింది. అదిగో, ఆ మూల గ్యాస్ సిలిండర్ ఉంది చూడు. సిలిండర్ తెచ్చే వంకతో తోడుదొంగ వచ్చాడు!"

"ఊరికే అనుకోవడమెందుకు, దొర్లించి చూద్దాం. ఆడపిల్ల చేత నెట్టిస్తావా, నువ్వు నెడతావా?"

అతను చొక్కా చేతులు మడిచాడు. ముందు చేతులూపుకుంటూ ఆ పసిగట్టే వజ్రం పక్కనుంచి ఒకసారి నడిచాడు. నడుముకున్న పిస్తోలుకి గీత చిన్నగా ఉలిక్కిపడింది. తర్వాత ఆయాసపడుతూ సిలిండర్ బండిని మూల నుంచి తలుపు దాకా లాక్కెళ్ళాడు. గీత నున్నగా, గుండ్రంగా లేచి దిగింది.

"చూశావా! గుట్టే!"

"గుట్టే. కానీ నీ గుట్ట బోడిగా ఉంది నాయనా. దాని మీద పళ్ళు లేవు."

ముగ్గురూ రెండు గీతల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. వదిన చెప్పింది నిజమే. నిన్నటి గుట్ట మీద, పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ, దువ్వెన పళ్ళలా సన్నటి వణుకు ఉంది. మధ్యలో చదునుగా ఉన్నప్పుడు ఆ వణుకు లేదు.

"కదిలినప్పుడే వణికింది, ఆగినప్పుడు మానేసింది," అంది వదిన తనలో తను అనుకుంటున్నట్టు. "లోపల ఏదో తిరుగుతోంది. మోటారు. మోటారులో అయస్కాంతాలుంటాయి కదమ్మా?"

"ఉంటాయండీ," అంది తుమ్మెద. 

"ఇలాంటిది ఈ తలుపులోంచి వస్తే కార్డు పడాలి. పడలేదు. మరి ఆ తెర వెనక ఏముంది?"

తెర జరిపితే వెడల్పాటి ఇనుప తలుపు కనిపించింది. సామాన్ల కోసం పెట్టిన తలుపు. కార్డు పెట్టే పెట్టె లేదు, పాతకాలపు తాళం రంధ్రం మాత్రం ఉంది. ఇన్‌స్పెక్టర్ వాడిపోయిన మొహంతో దాని వైపు చూశాడు.

"తాళంచెవి స్టోర్స్‌లో ఉంటుందన్నారు. కదల్లేదన్నారు."

"స్టోర్స్‌లో ఉన్నది ఒకటి. కార్డులు రాకముందు నుంచీ ఇక్కడ పనిచేసినవాళ్ళ జేబులో ఇంకోటి ఉండదా?" వదిన తిరిగి వచ్చి అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు నిన్న రాత్రే ఈ గీత చూశావు. చూడగానే ఎవరో తెలిసిపోయింది. అందుకే స్క్రీన్ ఆపేశావు. అందుకే ఇన్‌స్పెక్టర్ ఎన్ని అడిగినా నోరు విప్పలేదు. చెరిపేయచ్చుగా?"

తుమ్మెద కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చెరపబోయానండీ. కొలిచినదాన్ని చెరపడానికి చెయ్యి రాలేదు."

"ఎవరమ్మా?"

 ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోతే వదిన వేలు చూపించి ఆపింది.

"పెద్దసారు," అంది తుమ్మెద చివరికి. "ఈ ల్యాబ్ పెట్టింది ఆయనే. ఆ వజ్రాన్ని పెంచింది కూడా ఆయనే. రిటైరయ్యారు. నడుము పడిపోయి బ్యాటరీ కుర్చీలో తిరుగుతారు. రెండో ఏడు నాకు ఏ ప్రయోగమూ ముందుకి సాగక మానేద్దామనుకున్నప్పుడు, రోజూ మధ్యాహ్నం వచ్చి నా పక్కన కూర్చుని పేపరు చదువుకునేవారండీ. సలహా ఒక్కటీ ఇవ్వలేదు. ఊరికే కూర్చునేవారు. ఆయన కూర్చున్నారని నేనూ కూర్చున్నాను. ఆయన దొంగ కాదు. ఎందుకు తీశారో నాకు తెలీదు గానీ దొంగ మాత్రం కాదు."

"ఎక్కడుంటారిప్పుడు?"

"కింద సెల్లార్‌లో ఆయన పాత గది ఉంది."

ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకున్నాడు. "అయితే అరెస్టు మారుతుంది, కేసు మారదు. పదండి."

"మరిదీ."

"ఏంటి?"

"ఈ అమ్మాయికి సారీ చెప్పు."

"డ్యూటీలో ఉన్నాను వదినా!"

"డ్యూటీలోనే చెప్పు."

అతను మొహం ఎర్రగా చేసుకుని, గోడకేసి చూస్తూ, సారీ అన్నాడు. తుమ్మెద ఫర్వాలేదండీ అంది. తన పొట్లంలో మిగిలిన బిస్కట్లు ఇవ్వబోతే ఒకటి తీసుకున్నాడు కూడా. ముగ్గురూ లిఫ్టెక్కారు.

సెల్లార్ కారిడార్ పొడుగ్గా, చల్లగా ఉంది. రెండో తలుపు సందులోంచి వెలుతురు పడుతోంది. ఇన్‌స్పెక్టర్ దభీదభీమని బాదాడు. లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. తోసుకుని వెళ్ళారు.

తెల్లటి గడ్డం పెరిగిన పెద్దాయన ఒకాయన చక్రాల కుర్చీలో కూర్చుని, పాత మైక్రోస్కోపులో కన్ను పెట్టి, లోకం మర్చిపోయి ఉన్నాడు. ముందు బల్ల మీద మూడు ఖాళీ కాఫీ కప్పులూ, వినికిడి మిషనూ ఉన్నాయి.

"మిమ్మల్ని అరెస్టు చేస్తున్నాను!" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గట్టిగా.

ఆయన తలెత్తి ముగ్గుర్నీ చూసి ఆప్యాయంగా నవ్వాడు. "రెస్టా? రాత్రంతా రెస్టే లేదు బాబూ. రండి, కూర్చోండి."

వదిన నవ్వాపుకోలేకపోయింది. వినికిడి మిషన్ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చెవికి తగిలించుకున్నాక, పోలీసులు ఎందుకొచ్చారో, ఎవరిని పట్టుకున్నారో, ఆ పిల్ల ఎవరి కోసం నోరు మూసుకుని కూర్చుందో వరసగా చెప్పింది. పెద్దసారు మొహంలో నవ్వు పోయింది. కుర్చీని గిర్రున తిప్పి తుమ్మెద దగ్గరికి వచ్చాడు.

"నువ్వు ఇంటికెళ్ళిపోయావనుకున్నానమ్మా. నీ సంచీ కనబళ్ళేదు. రాత్రికి రాత్రి చూసి, తెల్లారకముందే తెచ్చి పెట్టేద్దామనుకున్నాను. ఈ పాత మిషను నాలాగే నిదానం, టైము చూసుకోలేదు. ఒక్క చీటీ రాసి పెట్టాలని కూడా తోచలేదు చూడు. నన్ను క్షమించు."

"ఎందుకు తీశారు సార్?" అంది తుమ్మెద. "నన్నడిగితే నేనే తెచ్చి ఇచ్చేదాన్నిగా?"

ఆయన తుమ్మెద చెయ్యి పట్టుకున్నాడు. అది వదలకుండానే, వదిన వైపు చూసి మాట్లాడాడు.

"ఈ పిల్ల థీసిస్ నాకు చదవమని ఇచ్చింది. మొదటి అధ్యాయాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. చివరి అధ్యాయం ఇంకా బ్రహ్మాండంగా ఉంది. కానీ నా వజ్రంలో ఆ మచ్చ పక్కనే ఒక బరువైన కార్బన్ పరమాణువు ఉండాలి. పుట్టుమచ్చ లాంటిది. ఆ మచ్చని ఎప్పుడు కొలిచినా దాని జాడ కనిపిస్తుంది. చివరి అధ్యాయం కొలతల్లో అది లేదు. అంటే రెండే దారులు. పిల్ల లెక్కలు కల్పించి రాసి ఉండాలి. లేదా..."

"శుభ్రం చేశాక పాత మచ్చ దొరకలేదు సార్," అంది తుమ్మెద కంగారుగా. "రెండు నెలల కిందట మేడమే వజ్రాన్ని తీసి యాసిడ్‌లో కడిగి, రెండు వారాల తర్వాత మళ్ళీ పెట్టారు. పాతది వెతకొద్దు, టైము లేదు, ఇంకో మచ్చ ఎంచుకో అన్నారు. ఎంచుకున్నాను. ఆ సంగతి థీసిస్‌లో రాశాను కూడా."

"రాశావు. నేను పెంచిన వజ్రంలో వెలిగే మచ్చలు మొత్తం ఏడు. ఏడూ నాకు మొహాలు తెలిసిన పిల్లలు. ఏ ఒక్కదానికీ నీ కొలతలు సరిపోలేదు. నిన్ను అనుమానించలేక, అనుమానించకుండా ఉండలేక, చూద్దామని తీసుకొచ్చాను." పెద్దసారు మైక్రోస్కోపు వైపు చెయ్యి చూపించాడు. "చూశాను. నీ లెక్కలన్నీ నిజం. ఒక్క అంకె కూడా తప్పు లేదు. ఇది నా వజ్రం కాదు, అంతే."

 ఇన్‌స్పెక్టర్ జేబులోంచి సంకెళ్ళు సగం తీసి, వాటిని ఎవరికి వెయ్యాలో తెలీక మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

తుమ్మెద పెదాలు కదులుతున్నాయి. ఏడుస్తుందేమోనని వదిన దగ్గరికి జరిగింది. ఆ పిల్ల ఏడవడం లేదు, ఏదో లెక్క కట్టుకుంటోంది.

"సార్. ఇది వేరే వజ్రమైతే... ఇందులో కూడా అంతసేపు నిలబడింది."

"అవును."

"అంటే అది ఒక్క రాయి చేసిన అదృష్టం కాదు!"

"కాదు," అన్నాడు పెద్దసారు. ఆయన కళ్ళు మెరిశాయి. "ఎవరో రెండోసారి చేసి చూపించారు. నేను ఆరేళ్ళు ప్రయత్నించి చెయ్యలేకపోయిన పని. రాత్రంతా ఇక్కడే కూర్చుండిపోయానంటే అందుకే. మనసు నిండిపోయిందనుకో."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పసిపిల్లల్లా నవ్వారు. ఆ నవ్వు చూస్తుంటే వదినకి కూడా కడుపు నిండినట్టయింది. ఇన్‌స్పెక్టర్ ఒక్కడే ఆ ఆనందానికి బయట ఉండిపోయాడు.

"బావుంది. మరి అసలు వజ్రం ఏదీ? ఈ రెండోది ఎవరు చేశారు?"

వదిన అప్పటికే గోడ దగ్గర ఉంది. గది పొడుగునా ఒక నీళ్ళ గొట్టం పోతోంది. ఇందాక చెయ్యి ఆనించబోయి చురుక్కుమని వెనక్కి తీసుకుంది.

"సార్, ఈ చలిగదిలో ఈ గొట్టం ఇంత వేడిగా ఉందేమిటి?"

పెద్దసారు వింతగా చూశాడు. "వేడా? అది కొలిమి చల్లార్చే నీళ్ళ గొట్టం. వజ్రాలు పెంచే మిషన్ని మేం కొలిమి అంటాం. కారిడార్ చివరి గది. నేను రిటైరైన రోజున నా చేత్తోనే ఆపేశాను. తర్వాత ఎవరూ ముట్టుకోలేదే!"

"మిషన్ చెవికి లేకపోతే పక్కగదిలో బాంబు పేలినా మీకు తెలీదు," అని వదిన బయటికి నడిచింది. మిగతా ముగ్గురూ వెంట వచ్చారు.

చివరి గది తలుపు కింద సందులోంచి వంకాయరంగు వెలుగు పడుతోంది. లోపల పంపు ఒకటి గుర్రుమంటోంది. ఇన్‌స్పెక్టర్ వదినని వెనక్కి నెట్టి, పిస్తోలు మీద చెయ్యి వేసుకుని తలుపు తట్టాడు. గడియ తీసిన చప్పుడైంది.

నలభై అయిదేళ్ళ ఆవిడ. జుట్టు రేగిపోయింది, చేతులకి తొడుగులు, కళ్ళ కింద నలుపు. పోలీసుని చూసి తెల్లబోయింది.

"మేడం!" అంది తుమ్మెద. "మీరు సదస్సులో లేరా?"

మేడం గుమ్మానికి చేరగిలబడింది. దాచడానికి ఓపిక లేని మనిషిలా అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. రెండు నెలల కిందట కడుగుతుంటే పట్టకారు జారి పెద్దసారు వజ్రం రెండు ముక్కలైంది. నాలుగేళ్ళు దాని మీదే బతికిన పిల్లకి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. పెద్దసారు చెప్పిన పద్ధతినే మార్చి మార్చి, సెలవురోజుల్లో దొంగచాటుగా కొలిమి వెలిగించి ఇంకోటి పెంచింది. అది నిలబడింది. అదృష్టమో, పద్ధతో తేల్చుకోవడానికి సదస్సు వంక పెట్టి మూడోది పెంచుతోంది. అది కూడా నిలబడితే పరీక్షకి ముందే అంతా చెప్పేద్దామనుకుంది.

"పైన పోలీసులు వచ్చారని నాకు తెలీదు. ఫోన్ ఈ గదిలో పని చెయ్యదు. నిన్ను దొంగన్నారా?" మేడం చేతి తొడుగులు ఊడదీసింది. "నాదే తప్పు తల్లీ. తిట్టు. ఏమన్నా పడతాను."

"తిడతాను మేడం," అంది తుమ్మెద, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని. "ముందు మూడోది చూశాక."

పెద్దసారు అప్పటికే కుర్చీ తోలుకుంటూ మిషన్ కిటికీ దగ్గరికి పోయాడు. లోపల వంకాయరంగు మంట బంతిలా నిలబడి వెలుగుతోంది. దాని కింద చిన్న పలక ఒకటి మెల్లగా పెరుగుతోంది. ముగ్గురూ దాని చుట్టూ మూగి అంకెల్లో పడిపోయారు. తుమ్మెద నోట్లోంచి తనకి తెలీకుండానే కూనిరాగం మొదలైంది.

వదిన గుమ్మంలో నిలబడి తృప్తిగా చూసింది. "అయితే మరిదీ, దొంగతనమే లేదు. ఇంటికి రా, మీ అన్నయ్య వంట చేస్తానన్నాడు."

"కాగితం మీద మూసెయ్యాలంటే పాత వజ్రం ముక్కలు చూపించాలి కదా," అన్నాడతను గొణుగుతూ.

"ఇక్కడే ఉన్నాయి," అంది మేడం. అలమరలోంచి అగ్గిపెట్టంత ప్లాస్టిక్ పెట్టె తీసి తెచ్చింది. అడుగున మెత్తటి జిగురు పొర ఉంది. దాని మీద అంటిస్తే చిన్న వస్తువులు దొర్లిపోవు. మేడం మూత తీసి, అలాగే ఉండిపోయింది.

పొర మీద రెండు గుంటలున్నాయి. ఒకదాంట్లో పగిలిన వజ్రం సగం. రెండో గుంట ఖాళీ.

"రెండూ పెట్టాను. పొద్దున్న కూడా చూశాను."

"ఉన్న సగం ఏది?" అడిగింది వదిన.

మేడం దీపం కింద పెట్టి చూసింది. "ఇది ఉత్తది. మచ్చలున్న సగమే లేదు. మా స్టాండుకి ఇక సరిపోదు గానీ, అది ముక్కైనా చెడదు. తెలిసినవాళ్ళ చేతిలో పడితే ఇప్పటికీ పని చేస్తుంది."

"గదిలోంచి ఎప్పుడైనా బయటికెళ్ళారా?"

"ఇందాక మొహం కడుక్కోడానికి. పది నిమిషాలు కూడా కాలేదు. నేను తిరిగొచ్చి గడియ పెట్టగానే మీరు తట్టారు."

వదిన కళ్ళజోడు సవరించుకుని పెట్టె మీదకి వంగింది. ఖాళీ గుంట పక్కన ఒక బొటనవేలి గుర్తు ఉంది. జిగురు ఇంకా మెల్లమెల్లగా పైకి లేస్తూ దాన్ని పూడ్చుకుంటోంది. ఆమె చూస్తుండగానే గీతలు ఒక్కొక్కటీ మాయమవుతున్నాయి.

"ఫోటో తియ్యి మరిదీ, తొందరగా! ఆ చెయ్యి ఇప్పుడే ఇక్కణ్ణుంచి వెళ్ళింది."

అతను ఫోన్ తీస్తుండగా కారిడార్లో ఎవరో పరుగెత్తిన అడుగుల చప్పుడైంది. ఆ వెంటనే లిఫ్టు తలుపు మూసుకుంది. లిఫ్టు పైకి కదిలింది.

తుమ్మెద కూనిరాగం ఆపేసింది. వదిన గదిలో ఉన్నవాళ్ళని చూసింది. ఆమెతో కలిపి అయిదుగురు, అయిదుగురూ ఇక్కడే ఉన్నారు. పరుగెత్తింది ఆరో మనిషి.

"మెట్లు ఎటు?" అంటూ ఇన్‌స్పెక్టర్ అప్పటికే పరుగు అందుకున్నాడు.